రెండో వారం పాఠం

“రాసుకోండి సార్. మీకేం కావాలో రాసుకోండి. సంతకం పెడతాను.”

అంబులెన్సు డ్రైవరు ఈ మాట అనడం పొద్దుటి నుంచి నాలుగోసారి. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. నాకు సరిగ్గా నిద్రపట్టి రెండు రోజులైంది, మోకాలు సలుపుతోంది, రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. ముప్ఫై మూడేళ్ళ పోలీసు ఉద్యోగంలో బొంకేవాళ్ళను చూసి చూసి విసుగెత్తిపోయాను. సంతకం పెడతానని వెంటపడేవాడు అంతకన్నా విసిగిస్తాడని ఆ ఆదివారమే తెలిసింది.

“సంతకం ఎక్కడికీ పోదు,” అన్నాను. “ముందు ఆ తొమ్మిది నిమిషాలు చెప్పు.”

శనివారం సాయంత్రం కాలేజీ కంప్యూటర్ ల్యాబులో బయాలజీ మేడం తల పగిలి పడిపోయింది. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది, స్పృహ లేదు. ఆ సమయానికి గదిలో ఆవిడ కాక ఉన్నది ఈ డ్రైవరొక్కడే. గేటు రిజిస్టరు ప్రకారం లోపలికి వెళ్ళింది నాలుగూ నలభైనాలుగుకి. తన డ్యూటీ ఫోను నుంచే అంబులెన్సును పిలిచింది నాలుగూ యాభైమూడుకి. సాయంత్రం నాలుగింటిలోగా ఇతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కేసు హత్యాయత్నం. ఆవిడ ప్రాణం పోతే హత్య.

“నిన్న చెప్పాను కదా సార్. ఆ ఇస్త్రీ చొక్కా సారు నవ్వాడు.”

“నేను నవ్వను. నవ్వే ఓపిక లేదు. చెప్పు.”

అతను బల్ల మీద గోటితో గీతలు గీస్తూ చెప్పాడు. “ప్రింటర్లో ఒక కాగితం పడి ఉంది. పైన ‘ఒకటి, రెండు’ అని ఉంది. ఒకటో నంబరు నేను, రెండు మా అమ్మాయి. మా కాగితమే కదా అని తీసి చూశాను. తండ్రీ బిడ్డల సంబంధం లేదు అని ఉంది. మేడం దగ్గరికి తీసుకెళ్ళి ఏంటిది అన్నాను. ఆవిడ చూసింది. ఆగండి, కూర్చోండి, చూపిస్తాను అంది. నేను కూర్చోలేదు. ఆ తర్వాత ఇంకా ఏదో అంది, నా చెవికెక్కలేదు. గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాను. వెనక దబ్బుమని చప్పుడైంది. తిరిగి చూస్తే ఆవిడ నేల మీదుంది, బీరువా మూల తలకు కొట్టుకుంది. చేతిగుడ్డ అదిమిపెట్టి ఫోన్ చేశాను. అంతే.”

“పడడం చూడలేదు.”

“చూడలేదు.”

“మరి సంతకం పెడతానంటావేం?”

అతను తలెత్తి, మేమిద్దరం వెళ్ళే శనివారం క్లాసులో పిలిచినట్టే పిలిచాడు. “అన్నయ్యా, మీరూ ఆ చదువు చదువుతున్నారు కదా. ఆ కాగితం నిజమేనా? పిల్ల నాది కాదా?”

నేను పెన్ను మూత పెట్టేశాను.

“దాని అమ్మ పోయి ఆరేళ్ళయింది. పోయినదాన్ని ఏమని అడగను? పిల్లకి ఏ మొహం పెట్టుకుని కనపడను? అది నన్ను నాన్నా అంటే పలకాలా వద్దా? లోపలుంటే ఈ గొడవుండదు. మీరు రాసుకోండి.”

అప్పటికి నాకు అర్థమైంది. ఇతను జైలుకు భయపడటం లేదు, ఇంటికి వెళ్ళడానికి భయపడుతున్నాడు. నాకు చెప్పలేనంత జాలేసింది.

ఆ చదువు సంగతి కూడా చెప్పాలి. గొట్టంలో ఉమ్మి వేసి పంపిస్తే మన డీఎన్‌ఏ అంతా అక్షరాల జాబితాగా మార్చి ఫైలు పంపే కంపెనీలు వచ్చాయి కదా, ఆ ఫైలును మన కళ్ళతో మనమే చదువుకోవడం నేర్పే క్లాసు అది, శనివారం సాయంత్రం ఐదింటికి. మా డిపార్టుమెంటు ఒక అధికారిని పంపాలనుకుంది. శనివారాలు పోగొట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు, నన్ను తోశారు. మొత్తం ఎనిమిదిమందిమి. మొదటిరోజు మేడం ఒక రేకు డబ్బాలో చీటీలు వేసి తలో నంబరు తీసుకోమంది. ఫైళ్ళ మీద పేర్లుండవు, నంబర్లే. ఎవరి నంబరు ఎవరిదో రాసిన పుస్తకం మేడం బీరువాలో తాళం వేసి ఉంటుంది. తండ్రీకూతుళ్ళు మాత్రం పక్కపక్కనే కూర్చుని చీటీలు విప్పి ఒకరికొకరు చూపించుకుని నవ్వుకున్నారు. ఒకటీ రెండూ వచ్చాయని వాళ్ళకు భలే సంబరం.

నేను మంచి విద్యార్థిని కాను. ఆరు వారాల్లో రెండు వారాలు ఎగ్గొట్టాను. రెండో వారం మంత్రిగారి బందోబస్తు. నిన్నటి వారం కూడా అదే బందోబస్తు, అది అయ్యాక కాలేజీదాకా వెళ్ళే ఓపిక లేక స్టేషన్ కంప్యూటర్లోనే హోంవర్కు కానిచ్చి, బల్ల మీద తల పెట్టి పడుకున్నాను. ఐదింటికి ఫోను మోగి లేపింది. మేడం పడిపోయిందన్న ఫోను అది.

వరండాలో ఇస్త్రీబాబు ఎదురయ్యాడు. క్రైమ్ బ్రాంచి నుంచి వచ్చాడు, నాకన్నా ఇరవయ్యేళ్ళు చిన్న, ర్యాంకు మాత్రం సమానం. ఎండయినా వానయినా చొక్కా మడత చెదరదు, అందుకని మా కానిస్టేబుళ్ళు పెట్టిన పేరది. కేసు రాత్రే అతని చేతికి వెళ్ళింది, నన్ను సాయంగా ఉంచారు.

“ఒప్పుకున్నాడట కదా సార్,” అన్నాడు.

“ఒప్పుకోలేదు. విసిగిపోయాడు. రెండూ ఒకటి కాదు.”

“మీరూ ఆ క్లాసు స్టూడెంటే, మీకు నేను చెప్పాలా?” అంటూ ఫోన్లో ఆ కాగితం ఫోటో తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. డ్రైవరు జేబులో దొరికింది, ఒక మూల రక్తం మరక. “ప్రతి చోటా మనిషికి రెండేసి అక్షరాలు. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. అంటే తండ్రికీ బిడ్డకీ ప్రతి చోటా ఒక్క అక్షరమైనా కలవాలి. ఇక్కడ పన్నెండు చోట్లు చూపించారు. ఎన్ని కలిశాయి? సున్నా. సున్నా సార్. నాలుగూ ముప్ఫై ఒకటికి మేడం ఇది ప్రింటు తీసింది. నాలుగూ నలభైనాలుగుకి ఇతనొచ్చి చూశాడు. నెత్తికెక్కింది, తోశాడు.”

“మేడమే తీసిందని ఎవరన్నారు?”

“ల్యాబులో ఇంకెవరున్నారు?”

“తోసినవాడు పారిపోకుండా రక్తం ఆపుతూ కూర్చున్నాడా?”

“అంబులెన్సు డ్రైవరు. చెయ్యి అలవాటు కొద్దీ ఆ పని చేస్తుంది.” అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. “రెండున్నరకి ల్యాబుకొచ్చి పంచనామా ముగిస్తాను. మీరు రెస్టు తీసుకోండి సార్, మొహం పీక్కుపోయింది.”

ఆ చివరి మాట నిజమే కాబట్టి నాకు ఇంకా ఒళ్ళుమండింది. ఆ ఫోటో నా ఫోనుకు పంపమన్నాను. కాదనడానికి కారణం లేక పంపాడు.

బయట బెంచీ మీద డ్రైవరు కూతురు కూర్చుని ఉంది. నర్సింగు రెండో సంవత్సరం. రాత్రి సగం ఐసీయూ బయట, సగం ఈ బెంచీ మీద గడిపింది. ఇంకా యూనిఫారంలోనే ఉంది.

“పెదనాన్నా, నాన్నని చూడనివ్వరా?”

“ఇప్పుడు కాదమ్మా.”

“ఆ సారు రాత్రి నన్ను నీ నంబరెంత అని అడిగాడు. రెండు అన్నాను. అయితే ఆయన నీ తండ్రి కాదు, కాగితంలో తేలింది అన్నాడు. ఇలా… బస్సు వెళ్ళిపోయింది అని చెప్పినట్టు చెప్పాడు.” ఆమె యూనిఫారం చేతి మడత సరిచేసుకుంది. “ఏ కాగితమో చూపించమంటే చూపించలేదు.”

“నాతో రా,” అన్నాను. “ల్యాబుకు వెళ్దాం.”

ల్యాబు తాళం తీయడానికి అటెండరు ఒంటిగంటన్నరకు వచ్చాడు, ఆదివారం పూట పిలిపించినందుకు సణుక్కుంటూ. పొడవాటి గది. గోడవారగా ఎనిమిది కంప్యూటర్లు, మధ్యలో మేడం బల్ల, దాని వెనక తలుపుల్లేని అరలూ, ఇనుప బీరువా. తలుపు పక్కన ప్రింటరు. దాని మీద ఎర్రదీపం మిణుకుమిణుకుమంటోంది.

“దానికేమైంది?” అన్నాను.

“కాగితాలు లేక ఏడుస్తోంది సార్. కొత్త కట్ట కావాలని వారం నుంచి అడుగుతున్నా. పట్టించుకునే నాథుడేడీ? రాత్రే వచ్చింది, కింద గదిలో ఉంది.”

నేను బీరువా దగ్గర మోకాలి మీద కూర్చోబోయి, మోకాలు ఒప్పుకోక స్టూలు లాక్కున్నాను. నేల మీద సుద్ద గీత. బీరువా మూల రక్తం. మేడం తిరుగుడు కుర్చీ, చక్రాలది, బీరువాకు ఆనించి ఉండాల్సింది రెండడుగులు పక్కకు జరిగి ఉంది. కుర్చీ మెత్త మీద బొటనవేలి గుర్తు కూడా కనపడేంత స్పష్టంగా, దుమ్ముతో పడిన పాదం అచ్చు. చెప్పు అచ్చు కాదు, పాదం అచ్చు.

“చెప్పులేవి?” అన్నాను.

“పోలీసులు తీసుకెళ్ళారు సార్. ఇక్కడే ఉన్నాయి, బల్ల కింద, జతగా. మేడం అంతే, ఎక్కడైనా ఎక్కాలంటే చెప్పులు విప్పి పక్కన పెట్టి ఎక్కుతుంది. చక్రాల కుర్చీ ఎక్కొద్దు మేడం, ఏదో రోజు నడ్డి విరుగుతుంది అని ఎన్నిసార్లు చెప్పానో.”

నేను ఫోను తీసి మా ఫోటోగ్రాఫరు పంపిన బొమ్మలు చూశాను. నిజమే. పదిహేడో బొమ్మలో గోధుమరంగు చెప్పులు, రెండూ ఒకే దిక్కుకు, గుడి బయట విడిచినంత పద్ధతిగా. ఎవరో మీదికి వస్తుంటే వెనక్కు జరిగే మనిషి చెప్పులు అలా విడవదు. ఆవిడ తనంతట తాను కుర్చీ ఎక్కింది. ఎందుకు?

స్టూలెక్కి బీరువా పైన చూశాను. దట్టంగా దుమ్ము, అందులో చుట్టచుట్టిన అట్టల వరస. మధ్యలో ఒక చుట్ట ఉండాల్సిన చోటు ఖాళీ, ముందుకు లాగిన గీత కొత్తది. ఆ లాగినది ఎక్కడ పడిందా అని చూస్తే బీరువాకీ గోడకీ మధ్య సందులో దొరికింది. అటెండరు చీపురుకర్రతో బయటికి లాగాడు. చుట్ట మీద మేడం చేతిరాత: రెండో వారం.

“ఇది చూపించడానికి ఎక్కిందా?” అంది ఆ అమ్మాయి నా వెనకనుంచి. “పెదనాన్నా, ఆ కాగితం ఒక్కసారి చూపించండి.”

ఇవ్వాలా వద్దా అని తటపటాయించాను. ఆ పిల్ల గురించిన కాగితం అందరూ చూశారు, ఆ పిల్ల తప్ప. ఫోను ఆమె చేతిలో పెట్టాను.

ఆమె కళ్ళు ఒక్కో వరుసా దిగుతూ వచ్చాయి. సగందాకా వచ్చి ఆగిపోయాయి. మళ్ళీ పైకి వెళ్ళాయి.

“సున్నానా?” అంది.

“సున్నా అనే ఆయన గోల.”

“పెదనాన్నా, దారిన పోయే ఇద్దర్ని పట్టుకొచ్చి పోల్చినా సగానికి పైగా చోట్ల ఒక అక్షరమైనా కలుస్తుంది. మీదీ నాదీ పోల్చినా కలుస్తుంది. పన్నెండింట్లో ఒక్కటీ కలవకుండా పోదు. ఇది మనుషుల తేడా కాదు, చదవడంలో తప్పు.” ఆమె చుట్ట విప్పి బల్ల మీద పరిచింది. చార్టు మీద రెండు దారాలు మెలితిరిగి ఉన్నాయి. “నాన్న ఒక కంపెనీకి పంపారు. నాకు మా కాలేజీవాళ్ళు ఇంకో కంపెనీ కిట్టు ఇచ్చారు. ఈ కంపెనీ ఇటువైపు దారం చదువుతుంది, ఆ కంపెనీ అటువైపు దారం. ఇటు ఏ ఉంటే అటు టీ ఉంటుంది. ఇటు జీ ఉంటే అటు సీ. చీర మీద కుట్టిన పువ్వును ఒకళ్ళు పైనుంచి, ఒకళ్ళు తిరగేసి చూసినట్టు. పువ్వొకటే. పోల్చే ముందు ఒక ఫైలును తిప్పాలి. మేడం ఆ రోజు గంటసేపు ఇదే చెప్పింది.”

“మొదటి వరుస చూడు,” అన్నాను. “ఆయనది ఏఏ, నీది టీటీ.”

“నాది తిప్పితే ఏఏ.”

“రెండోది. జీజీ, టీసీ.”

“తిప్పితే ఏజీ. జీ కలిసింది.” ఆమె బల్ల మీది పెన్సిలు తీసుకుని చార్టు అంచున రాసుకుంటూ పోయింది. నేను చదువుతున్నాను, ఆమె తిప్పుతోంది. మూడు, నాలుగు, ఐదు. తొమ్మిది, పది. పదకొండు. పన్నెండు. అన్నీ కలిశాయి.

“పన్నెండు చాలవు,” అంటూ కంప్యూటరు ముందు కూర్చుని రెండు ఫైళ్ళూ తెరిచి, ‘రెండో వైపు తిప్పు’ అన్న గడిలో టిక్కు పెట్టింది. అరనిమిషం పట్టింది. ఆరు లక్షల పైచిలుకు చోట్లు. తెర మీద మాట పడింది: తండ్రి లేక తల్లి, బిడ్డ.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. “రాత్రంతా అమ్మ గురించి ఏమేం ఆలోచించానో తెలుసా పెదనాన్నా,” అంది. “ఇప్పుడు అమ్మకి ఎలా చెప్పుకోను, తప్పయిందని?” ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అటెండరు ప్రింటరు తుడవడం మొదలుపెట్టాడు, దానికి ఆ అవసరం ఏమీ లేకపోయినా.

“అయితే ఈ కాగితం మేడం చెయ్యలేదు,” అన్నాను కాసేపటికి. “ఆవిడ ఈ తప్పు చెయ్యదు.”

“ఎవరో రెండో వారం రానివాళ్ళు చేసుంటారు. వచ్చినవాళ్ళెవ్వరూ చెయ్యరు. మీరూ రాలేదు కదా, అందుకే చూడగానే మీకు తట్టలేదు.”

మామూలుగా అంది, నా మీద నింద వేస్తూ కాదు. హాజరు పట్టీలో ఇంకెవరైనా ఉంటారులే అనుకున్నాను. అది తీద్దామని లేచేసరికి గుమ్మంలో ఇస్త్రీబాబు.

“మీరు రెస్టు తీసుకుంటున్నారనుకున్నానే,” అన్నాడు. ఆ అమ్మాయిని చూసి మొహం చిట్లించాడు. “ముద్దాయి కూతురిని సీనులోకి తెచ్చారా? ఇది రాయమంటారా పంచనామాలో?”

“రాయండి. ఇది కూడా రాయండి, మీ సున్నా తప్పు.” చార్టు అంచున ఉన్న పన్నెండు వరుసలూ చూపించాను, తెర చూపించాను, కంపెనీల సంగతి చెప్పాను. అతను తెలివితక్కువవాడేం కాదు. విన్నాడు. రెండుసార్లు తిరగేసి అడిగాడు. చొక్కా మడత చెదరలేదు గానీ నుదుట ఒక ముడత పడింది.

“సరే,” అన్నాడు చివరికి. “తప్పుడు కాగితమే అనుకుందాం. అతనికి ఆ సంగతి తెలుసా? తెలీదు. నిజమనుకున్నాడు. నిజమనుకున్నవాడికి కోపం రాదా? కారణం ఎక్కడికీ పోలేదు సార్. పంచనామా ప్రింటు తీసి సంతకాలు పెట్టించుకుని బయల్దేరతాను. మిగతాది మేజిస్ట్రేటు దగ్గర చెప్పుకోండి.”

లాప్‌టాప్ ప్రింటరుకు కలిపి మీట నొక్కాడు. ఎర్రదీపం మిణుకుతూనే ఉంది.

“కాగితాలు లేవు సార్,” అన్నాడు అటెండరు. “నిన్న ట్రేలో ఒక్కటే మిగిలింది, అదీ అయిపోయింది.” కిందికి వెళ్ళి కట్ట తెచ్చి, చింపి, విదిలించి, లోపల పెట్టాడు.

ప్రింటరు గురగురమంది. దీపం ఆకుపచ్చకు మారింది. ఒక కాగితం బయటికొచ్చింది. ఇస్త్రీబాబు తీసి చూసి, “ఇదేంటి?” అన్నాడు.

పైన ‘ఒకటి, మూడు’ అని ఉంది. కింద పన్నెండు వరుసలు. అడుగున సమయం నాలుగూ ముప్ఫై ఒకటి, నిన్నటి తేదీ.

ఇంకోటి వచ్చింది. ఒకటి, నాలుగు. ఇంకోటి. ఒకటి, ఐదు.

“నిన్న ఆగిపోయినవి,” అంది అమ్మాయి. “కాగితం అయిపోయి లోపలే ఉండిపోయాయి. మొదటిదొక్కటే బయటికొచ్చింది, ఒకటీ రెండూ. అదే నాన్నకి దొరికింది.”

మా హోంవర్కు ఎనిమిది ఫైళ్ళనూ పోల్చడమే; ఒక్కోదాన్ని మిగతావాటితో పోల్చితే ఇరవై ఎనిమిది కాగితాలవుతాయి. ఎవరూ కూర్చుని లెక్కవెయ్యక్కర్లేదు, ‘అన్నిటినీ పోల్చు’ అని ఒక మీట ఉంటుంది. పక్కనే ‘ల్యాబుకు పంపు’ అని ఇంకో మీట. నిద్ర ముంచుకొస్తున్న మనిషి ఆ రెండూ నొక్కి, ఒక్క పేజీ కూడా చదవకుండా తల వాల్చెయ్యొచ్చు. అలా నొక్కిన వేలు ఎవరిదో నాకు ఆరో కాగితం వచ్చేసరికి తెలిసిపోయింది. మిగతా ఇరవై ఒక్క కాగితాలూ వచ్చేదాకా అక్కడే నిలబడి చూడటం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను.

ఆ వరసలో చివరి కాగితం విడిగా వచ్చింది, సగం ఖాళీగా. ఇస్త్రీబాబు దాన్ని వెలుతురుకు పట్టుకుని చదివాడు. “హోంవర్కు పంపినవారు, ఆరో నంబరు.” అందరి మొహాలూ చూశాడు. “ఎవరీ ఆరో నంబరు?”

“నంబర్ల పుస్తకం బీరువాలో ఉంది,” అన్నాడు అటెండరు. “తాళం మేడం దగ్గరే ఉంటుంది.”

మేడం ఐసీయూలో ఉంది. ఎప్పుడు లేస్తుందో, లేస్తుందో లేదో తెలీదు. కాగితం తప్పని ఈ పిల్ల తేల్చేసింది. నేను నోరు మూసుకుంటే ఇవాళ్టికి ఎవరికీ తెలీదు. నోరు విప్పితే సస్పెన్షను, ఎనిమిది నెలలు ఎంక్వయిరీ, ముప్ఫై మూడేళ్ళ తర్వాత పేపర్లో ఫోటో. ఇవన్నీ ఒక్క క్షణంలో తలలో తిరిగాయని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ అమ్మాయి ఆ ఇరవై ఏడు కాగితాలూ ఏరి, అంచులు సరిచేసి, బల్ల మీద పెడుతోంది. వాళ్ళ నాన్న సెల్లులో కూర్చుని, ఇంటికెళ్ళనని సంతకం కోసం ఎదురుచూస్తున్నాడు.

“నేనే,” అన్నాను.

ఇస్త్రీబాబు కాగితం దించాడు.

“ఆరో నంబరు నాది. నిన్న నాలుగూ ముప్ఫై ఒకటికి స్టేషన్ కంప్యూటరు నుంచి పంపాను. రెండో వారం నేను క్లాసుకు రాలేదు. విడిగా వచ్చి నేర్చుకోండి అని మేడం రెండుసార్లు చెప్పింది. వెళ్ళలేదు.” అమ్మాయి వైపు చూడలేకపోయాను. “తప్పు నాది. ఇక మీ కారణం సంగతి. మీరు స్వాధీనం చేసుకున్న చెప్పులు చూశారా? పదిహేడో ఫోటో. ఆ కుర్చీ మీద పాదం గుర్తు చూడండి, బీరువా మీద దుమ్ములో గీత చూడండి. ఆవిడ చెప్పులు విప్పి, తనంతట తాను కుర్చీ ఎక్కి, ఈ చార్టు లాగుతూ పడింది. నా తప్పును అతనికి చూపించడానికి ఎక్కింది. అతను గుమ్మం వైపు తిరిగి ఉన్నాడు. పొద్దున నాకు అదే చెప్పాడు, నిన్న మీకూ అదే చెప్పాడు.”

అతను ఫోన్లో పదిహేడో ఫోటో తీసి చాలాసేపు చూశాడు. కుర్చీ దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. స్టూలెక్కి బీరువా పైన చూశాడు. దిగేటప్పుడు చొక్కా మోచేతికి దుమ్ము అంటింది, దులుపుకోలేదు.

“నేను నవ్వకుండా ఉండాల్సింది,” అన్నాడు నెమ్మదిగా. ఫోను జేబులో పెట్టుకున్నాడు. “మీరిక ఈ కేసులో అధికారి కాదు సార్. సాక్షి.”

“తెలుసు. ఒక్క ఫోను చేసుకోనివ్వండి.”

తల ఊపాడు. స్టేషనుకు ఫోను చేసి, సెంట్రీని సెల్లు దగ్గరికి వెళ్ళి డ్రైవరుకు ఇమ్మన్నాను. స్పీకరు పెట్టాను.

“ఆ కాగితం తప్పు,” అన్నాను. “చేసింది నేను. నాకు పాఠం రాకుండా చేశాను. నీ కూతురు నీ కూతురే. తనే ఒక్కో అక్షరం సరిచేసి చూపించింది. నన్ను క్షమించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నా.”

అవతల సెల్లు ఊచల చప్పుడు వినిపించింది. 

“అన్నయ్యా,” అన్నాడు. “అమ్మాయి ఏమన్నా తిన్నదా?”

అంతసేపూ ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. ఫోను లాక్కుని, “లేదు నాన్నా,” అంది. “నువ్వొచ్చాక తింటా.” ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. వెళ్తూ నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో చదవడం నాకు రాలేదు.

గడియారం మూడూ ఐదు. ఇస్త్రీబాబు ఆ కాగితాల వెనకే వచ్చిన తన పంచనామా ప్రింటును నిలువునా చింపి, కొత్త కాగితం తీసుకుని, మేడం బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న కుర్చీ నాకు చూపించాడు. ముప్ఫై మూడేళ్ళలో ఆ వైపు కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు.

“నాలుగింటిలోగా అయిపోవాలి సార్,” అన్నాడు పెన్ను మూత తీస్తూ. “మొదటి నుంచి చెప్పండి. నిన్న సాయంత్రం నాలుగూ ముప్ఫై ఒకటికి మీరెక్కడున్నారు?”

మోకాలు చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

“రాసుకోండి,” అన్నాను. “సంతకం పెడతాను.”